అవ్వ గొంతులో ఎవరో

మొన్న పళ్ళ డాక్టరు బల్ల మీద, గ్లాసు నీళ్ళలో నవ్వుతున్న కట్టుడు పళ్ళను చూడగానే మైపాడులో నా చిన్నతనం గుర్తొచ్చింది.

పళ్ళు లేని మా అవ్వ నన్ను ‘షుజాతా’ అని పిలిచేది. ఒక మధ్యాహ్నం నెల్లూరు నుంచి వచ్చి, వలలు ఆరేసిన వాకిట్లో నిలబడి "సుజాతా!" అంది. చీర అవ్వదే, చేతులు అవ్వవే. నిండిన బుగ్గలు, తెల్లటి పళ్ళ వరస మాత్రం ఎవరివో. అవ్వలోకి ఎవరో దూరారనుకుని అమ్మ వెనక దాక్కున్నాను.

"మా అవ్వ యాడికి పోయింది?" అన్నాను.

ఆమె పళ్ళ సెట్టు తీసి నా అరచేతిలో పెట్టింది. అది వెచ్చగా, తడిగా ఉంది. ఆమె బుగ్గలు లోపలికి పోయాయి. "బయపడబాక మే, నేనే" అంది పాత గొంతుతో.

మళ్ళీ పళ్ళు పెట్టుకుని నా పేరు పిలుస్తూనే ఉంది. నేను చెవులు మూసుకున్నాను. నేను పుట్టాక ఆమె నా పేరు సరిగ్గా పలకగలిగింది ఆ రోజే మొదటిసారని, అందుకే అన్నిసార్లు పిలిచిందని ఇప్పుడు తెలుస్తోంది.