వెనక గల్లీకి పంపిన కమ్మలు

స్వలింగ ప్రేమికుల ప్రైడ్ జెండాలోని ఆరు రంగుల పూసలతో కమ్మలు అల్లి ఆన్‌లైన్‌లో అమ్ముతాను. షాపు పేజీలో ‘ప్రైడ్ కమ్మలు’ అని ధైర్యంగా పేరు పెడతాను. పార్సిల్ మీద మాత్రం ‘పూసల కమ్మలు’ అనే రాస్తాను. మా ఊరు ఎల్లారెడ్డి, అక్కడి పోస్టాఫీసులో అందరూ తెలిసినవాళ్లే. అందుకని దొంగసొమ్ములా సంచిలో పెట్టుకుని, బస్సెక్కి కామారెడ్డి వెళ్లి వేసి వస్తాను.

ఒకరోజు బీడీలు చుడుతూ అమ్మ అడిగింది. “గివి ఎవ్వలు పెట్టుకుంటరే?”

“పట్నమోళ్లు,” అన్నాను.

మొన్న ఎల్లారెడ్డి నుంచే ఆర్డరు వచ్చింది. అడ్రసు మా వెనక గల్లీదే. కింద ఒక మాట రాసి ఉంది: “పాకెట్ మీద ప్రైడ్ అని రాయకుండ్రి. ఇంట్ల చూస్తరు.”

మా డాబా మీది నుంచి ఆ ఇంటి బట్టల తీగ కనిపిస్తుంది. ఆరేసిన వాటిలో ఆ మనిషివి ఏవై ఉంటాయా అని చాలాసేపు చూశాను. తలుపు కొట్టి ఏమని చెప్పాలో తోచలేదు. ఎప్పటిలాగే కామారెడ్డి బస్సెక్కాను.

కమ్మలు ఈపాటికి చేరే ఉంటాయి. కవరు మీద కామారెడ్డి ముద్ర చూసి, తనలాంటి మనిషి అక్కడెక్కడో ఉందని, ఎల్లారెడ్డిలో మాత్రం ఎవరూ లేరని అనుకుంటూ ఉండవచ్చు.