రెండో క్యాచర్ కోసం ఏమని మొక్కుకోను

మొన్న ఆస్ట్రేలియాలో, టూవూంబాలోని మా ఇంట్లో సత్యనారాయణ వ్రతం చేసుకుంటే, మా అబ్బాయి పీట మీద కూర్చోలేక కుర్చీ తెప్పించుకున్నాడు. నలభై నిండని మనిషికి ఆ మోకాళ్ళేమిటని వచ్చినవాళ్ళు గుసగుసలు పోయారు. ఆ మోకాళ్ళ సంగతి నాకు తెలుసు కనుక, ప్రసాదం కలుపుతూ కలుపుతూనే నేను చాలా ఏళ్ళు వెనక్కి వెళ్ళిపోయాను.

మా వాడు బేస్‌బాల్‌లో క్యాచర్. బ్యాటు పట్టినవాడి వెనకాల, ముఖానికి ఇనప జాలీ తగిలించుకుని, గొంతుక్కూర్చుని బంతులు పట్టేవాడన్నమాట, మన వికెట్ కీపర్ లాంటివాడు. కాకపోతే మా వాడు రెండో క్యాచర్. మొదటి అతను ఆడుతుంటే, మైదానం పక్కన కంచె దగ్గర కూర్చుని, తర్వాత బంతి వేయబోయేవాళ్ళు చేయి సవరించుకోవడానికి విసిరేవన్నీ పట్టడం వాడి పని. బ్రిస్బేన్, అడిలైడ్, పెర్త్, మళ్ళీ బ్రిస్బేన్, ఏ ఊరి జట్టుకు మనిషి కావాలంటే ఆ ఊరికి సంచి సర్దుకుని పోయేవాడు. వేసవిలో ఆట, మిగతా ఏడాదంతా ఏదో గోడౌన్‌లో ఉద్యోగం. తోటి తెలుగువాళ్ళు మీ అబ్బాయి ఏం చేస్తున్నాడని అడిగితే, ఆసుపత్రిలో మావారి ఉద్యోగం కబుర్లు చెప్పి మాట దాటేయడం నాకు అలవాటైపోయింది.

నేను బడికి వెళ్ళినదాన్ని కాదు. మా నాన్నగారు ఇంట్లోనే అక్షరాలు దిద్దించి, స్తోత్రాలు నేర్పి, మనం దేవుణ్ణి కోరేది ఇంకొకరికి చెరుపు కాకూడదని మాత్రం గట్టిగా చెప్పారు. చిక్కంతా అక్కడే వచ్చింది. మా వాడికి ఆట దక్కాలంటే మొదటి క్యాచర్‌కు వేలైనా విరగాలి, నడుమైనా పట్టేయాలి. ఆ అబ్బాయి పరాయివాడా అంటే, మా ఇంటికొచ్చి పెసరట్లు అడిగి మరీ వేయించుకుని తినేవాడాయె.

రెండోసారి బ్రిస్బేన్‌కు ఆడుతున్న ఏడాది జట్టువాళ్ళు, ఈసారి మైదానంలో దిగి సత్తా చూపితేనే వచ్చే ఏడు ఉంచుకుంటామని మా వాడితో చెప్పేశారు. వాడు ఆ కబురు ఫోన్లో తాపీగా అందించాడు. నాకు మాత్రం నిద్ర పట్టక, మా ఊరున్న కొండ దిగి బ్రిస్బేన్ వైపు గుడికి వెళ్ళి, ఇద్దరి పేరా అర్చన చేయించాను.

"ఆ రెండో బాబు గోత్రం ఏంటమ్మా?" అన్నారు పూజారిగారు.

తెల్లవాళ్ళ అబ్బాయికి గోత్రం నేనెక్కడ తెచ్చేది? తెలియనివాళ్ళకు చెప్పేది కాశ్యప గోత్రమే కదా, అదే చెప్పాను. ఇద్దరూ చల్లగా ఉండాలన్నాను గానీ, ఆట మాట ఎత్తలేదు.

కారెక్కాక మావారు నవ్వారు. "ఉన్నది ఒక్క చోటు, ఇద్దరికీ అడిగితే ఎలాగే? ముందు నీ దేవుడికి బేస్‌బాల్ నేర్పు."

తర్వాత కొన్నాళ్ళకే బంతి తగిలి ఆ అబ్బాయి బొటనవేలు చిట్లింది. మిగిలిన ఆటలన్నీ మా వాడే ఆడాడు. ఇన్నేళ్ళకు వాణ్ణి మైదానం మధ్యలో చూసే భాగ్యం కలిగింది, కానీ చేతికి కట్టుతో బెంచీ మీద కూర్చున్న ఆ పిల్లవాడి వైపే నా చూపు పోయేది. మా వాడు బాగానే ఆడాడు, గొప్పగా మాత్రం కాదు. సీజన్ అయిపోగానే జట్టువాళ్ళు ఇంకా చిన్న వయసువాణ్ణి తెచ్చుకుని, మా వాడికి సెలవిచ్చేశారు.

ఇంటికొచ్చి అన్నం తింటుంటే, నీ ఒక్కడి పేరనే, నీ ఆట కోసమే మొక్కుకోవలసిందేమోరా అన్నాను. వాడు కంచంలోంచి తలెత్తలేదు.

"వద్దమ్మా. వాడికి హర్ట్ అవ్వాలని నువ్వు ప్రే చేసుంటే, నేను ఆడగలిగేవాణ్ణి కాదు. హీ ఈజ్ మై మేట్."

ఇంకాస్త పప్పు వేయమన్నాడు, వేశాను. ఆ మాట నా చెవిన పడనిచ్చినందుకు స్వామికి ఈనాటికీ దణ్ణం పెట్టుకుంటాను.

ఇప్పుడు వాడికి బ్రిస్బేన్ దగ్గర స్ప్రింగ్‌ఫీల్డ్ లేక్స్‌లో ఇల్లు, భార్య, పిల్లలు, ఏడాది పొడుగునా ఉండే ఉద్యోగం. వాడి పేరొక్కటే చెప్పి ఏం కోరుకున్నా ఎవరి బిడ్డకూ ఏమీ కాదు. అయినా గుడిలో నిలబడి చేతులు జోడిస్తే, ఒక్కో మాటా తూచి తూచి పలికిన ఆ రోజులే గుర్తొస్తాయి. అడగడం ఇంత సులువైపోయాక, నాకెందుకో ఏమీ అడగబుద్ధి కావడం లేదు.