మేకల దొడ్డికి కట్టిన నెట్టు

అరబ్బీలో రాసిన కాగితం ఏది ముందు పెట్టినా సంతకం గీకేసే రోగం కువైట్‌లో మా రాయచోటి వాళ్లలో చాలామందికి ఉండేది. నాకూ ఉండేది. ఆ దేశంలో ఉండనిచ్చే ఇఖామా కాగితమైనా, జీతం కాగితమైనా, ఎక్కడ వేలు పెట్టి చూపిస్తే అక్కడ పేరు రాసేవాణ్ని. చదివి చెప్పమని అడగడానికి సిగ్గు. ఆ సిగ్గే ఒకసారి నా కొంప ముంచబోయింది.

నేను షువైఖ్‌లో ఒక కాలేజీ ఆటల విభాగంలో పనిచేసేవాణ్ని. వాలీబాల్ సామాన్లన్నీ నా చేతికింద ఉండేవి. నెట్లు కట్టడం, బంతులకు గాలి కొట్టడం, కుర్రాళ్ల బనీన్లు ఉతికి ఆరేయడం నా పని. చూసేవాళ్లకు అది చిన్న పనే, నాకు మాత్రం ప్రాణం. రాయచోటిలో జూనియర్ కాలేజీలో ఉన్నప్పుడు నేనూ వాలీబాల్ ఆడాను. జిల్లా పోటీలకు పోవడానికి బస్సు చార్జీలు లేవని మా జట్టును ఎత్తేశారు. క్రికెట్ జట్టుకు మాత్రం ఊళ్లో నూనె మిల్లు ఆయన డబ్బిచ్చాడు కాబట్టి అది దర్జాగా బస్సెక్కి పోయింది. ఆ కోపం నాకు ఇప్పటికీ చల్లారలేదు.

తీరా కువైట్‌కు వస్తే ఇక్కడా అదే వరస, కాకపోతే డబ్బు పెద్దది. గల్ఫ్ కాలేజీలు కొన్ని కలిసి ఒక లీగ్ పెట్టుకున్నాయి. ఫుట్‌బాల్ మ్యాచ్‌లు చూపించినందుకు టీవీ వాళ్లిచ్చే సొమ్మును లీగ్ తన సభ్యులకు పంచేది. ఫుట్‌బాల్ తెచ్చిన డబ్బు ఫుట్‌బాల్‌కే పోయేది. వాళ్లకు కొత్త బూట్లు, కొత్త బస్సు. మా నెట్టు చిరిగితే నేనే నైలాన్ దారంతో కుట్టుకునేవాణ్ని. ముందు కుస్తీ పోయింది, తర్వాత టేబుల్ టెన్నిస్ పోయింది. మూడోది ఏదో చెప్పడానికి పెద్ద చదువులు అక్కర్లేదు.

1990 జులై ఆఖర్లో మా మేనేజరు, అందరూ ముదీర్ అని పిలిచే కువైటీ పెద్దమనిషి, నా ముందు ఒక కాగితం పెట్టాడు. వేసవి సెలవులదే అనుకుని సంతకం గీకేశాను. బయటికి రాగానే ఆఫీసు గుమాస్తా నన్ను పక్కకు లాగాడు. ఆయనది హైదరాబాదు, అరబ్బీ బాగా చదివేవాడు.

"ఏం రాసుందో ఎరుకేనా దాంట్ల?" అన్నాడు.

"లీవు కాగితం కదన్నా."

"లీవు లేదు, గీవు లేదు. వాలీబాల్ ఖలాస్. సామాన్లన్నీ స్టోర్ల అప్పజెప్పిన అని నువ్వే రాసిచ్చినవ్. శనివారం లోపట అన్ని స్టోర్ల పెట్టెయ్. వచ్చే నెల నీ ఇఖామా గూడ క్యాన్సిల్ జేస్తరంట."

ఒళ్లు మండిపోయింది. నాతో ఒక్క మాట అనకుండా, నా చేత్తోనే నా పని పీకించారు. ముదీర్ మీద ఎంత కోపం వచ్చిందో, చదివించుకోకుండా గీకిన నా చేతి మీద అంతకు రెండింతలు వచ్చింది.

కబ్ద్ ఎడారిలో మేకలు కాసే మా ఊరాయన ఒకడుండేవాడు. నాకంటే పెద్దవాడు, అన్నా అనేవాణ్ని. శుక్రవారాలు చుట్టుపక్కల పనివాళ్లంతా ఆయన దొడ్డి దగ్గర చేరేవాళ్లు. నేను ఎవరికీ చెప్పకుండా ఒక పాత నెట్టు, ఒక బంతి తీసుకెళ్లి ఆడించేవాణ్ని. ఈసారి మాత్రం బుధవారం సాయంత్రమే ఆయన పికప్‌ను కాలేజీ దగ్గరికి పిలిపించి, నెట్లు, బంతులు, స్తంభాలు, బనీన్లు, ఆఖరికి రెఫరీ కూర్చునే ఎత్తు కుర్చీతో సహా అన్నీ ఎక్కించేశాను.

"ఏమిరా అబ్బీ, కాలేజీనే ఎత్తుకొస్తాండావే," అన్నాడు అన్న.

"ఎట్లాగూ మూసేస్తాండారు కదన్నా. రెండు దినాలు ఆశ తీరా ఆడుకొని, శనివారం పొద్దున్నే తీసుకుపోయి వాళ్ల మొగాన పడేస్తా."

ఆ శనివారం రాలేదు. గురువారం తెల్లారేసరికి ఇరాకీ ట్యాంకులు ఊళ్లోకి వచ్చేశాయి.

మొదటి నెలల్లో చాలామంది మనవాళ్లు బస్సులు పట్టుకుని జోర్డాన్ మీదుగా ఇంటికి పోయారు. నా పాస్‌పోర్టు ముదీర్ ఇంట్లో బీరువాలో ఉంది, ముదీర్ ఏ దేశంలో ఉన్నాడో తెలియదు. నేను అన్నతో పాటు దొడ్డిలోనే ఉండిపోయాను. సైనికులు ఏ సామాను కనబడితే అది పట్టుకుపోతున్నారని విని, బంతుల గాలి తీసేసి గడ్డి కింద దాచాం. స్తంభాలు పాతి, నెట్లను మేకపిల్లలకు దడిగా కట్టేశాం. సైనికులు రెండుసార్లు వచ్చారు. మేకలను తోలుకుపోయారు గానీ దడి వంక చూడలేదు.

గుమాస్తా షువైఖ్‌లోనే ఉండిపోయాడు. ఒకరోజు ఆయన దగ్గర్నుంచి కబురు వచ్చింది. కాలేజీ స్టోరును ఊడ్చి లారీల్లో వేసుకుని పోయారట. ఫుట్‌బాల్ మైదానం నిండా కందకాలు తవ్వారట. అప్పుడు గుర్తొచ్చింది నా సంతకం. ఆ కాగితం ప్రకారం నా నెట్లు కూడా ఆ లారీల్లోనే పోయినట్టు. మరి ఈ దొడ్డికి కట్టినవి ఎవరివి? ఎవడైనా అడిగితే నేను దొంగనే.

ఏడు నెలలకు ఇరాకీలు పోయారు. చమురు బావులు మండుతూనే ఉన్నాయి, మిట్టమధ్యాహ్నం కూడా లైట్లు వేసుకుని బండి నడపాల్సి వచ్చేది. దారి పొడవునా తనిఖీలు. ఎవరి దగ్గరైనా పరాయి సొత్తు దొరికితే అక్కడికక్కడే పట్టుకుపోతున్నారు. ముదీర్ తిరిగొచ్చాడని విని పాస్‌పోర్టు అడగడానికి బయల్దేరాను.

"నెట్ల మాట ఎత్తొద్దు," అన్నాడు అన్న. "నీ పాస్‌పోర్టు తీసుకోని గమ్మున ఇంటికి పో. ఈడ్నే తగలబెట్టేస్తా వాటిని. ఎవురికి తెలుస్తాది?"

నేనూ అలాగే అనుకుని వెళ్లాను. కాలేజీలో కిటికీలకు అద్దాలు లేవు, కుర్చీలు లేవు. ముదీర్ గుమాస్తాతో పాటు నేల మీద కూర్చుని ఏదో ఉత్తరం చూస్తున్నాడు. బాగా చిక్కిపోయాడు. నన్ను చూసి లేచి వాటేసుకున్నాడు. బతికున్నావా అని అడిగాడు. ఆయన మీద నెలల తరబడి దాచుకున్న కోపం ఎటు పోయిందో తెలియలేదు.

ఆ ఉత్తరం లీగ్ నుంచి వచ్చింది. ఆ సీజన్ అయిపోయేలోగా ఏదో ఒక ఆటలో జట్టును దించిన కాలేజీకే సభ్యత్వం ఉంటుందట. లేకపోతే వచ్చే ఏడాది సొమ్ములో వాటా ఉండదు, వాటా లేకపోతే ఆటల విభాగమే ఉండదు.

"ఫుట్‌బాల్‌కు పిల్లల్లేరు, మైదానం లేదు," అన్నాడు ముదీర్. "ఆరుగురు వాలీబాల్ పిల్లలు మాత్రం ఊళ్లోనే ఉన్నారు. ఏం లాభం? ఒక్క బంతి మిగల్లేదు. బజారులో కొందామంటే బజారే లేదు."

గుమాస్తా నా వంక చూశాడు. నేను నేల వంక చూశాను. నోరు మూసుకుంటే చేతికి పాస్‌పోర్టు వస్తుంది. నోరు తెరిస్తే ఏమొస్తుందో ఆ దేవుడికే తెలియాలి. కానీ రాయచోటిలో జట్టు పోయిన రోజు నా చేతిలో ఏమీ లేదు. ఈసారి అన్నీ నా దగ్గరే ఉన్నాయి.

"ముదీర్, సామాన్లు ఉన్నాయి. అన్నీ ఉన్నాయి. నేనే తీసుకుపోయాను," అన్నాను.

ఆయన ఉత్తరం కింద పెట్టాడు. "స్టోరుకు అప్పగించానని సంతకం పెట్టావు కదా?"

"పెట్టాను. అందులో ఏముందో అప్పుడు తెలియదు. తెలిశాక కోపం వచ్చి కబ్ద్‌కు ఎత్తుకుపోయాను."

ఆయన చేతులతో ముఖం కప్పుకున్నాడు. ఏడుస్తున్నాడేమో అనుకున్నాను. చూస్తే నవ్వుతున్నాడు. ఆ నవ్వు వినేసరికి నాకు పోయిన ప్రాణం లేచొచ్చింది.

"నువ్వు మాట వినుంటే అవి కూడా పోయేవి," అన్నాడు. "పద, నా కారులోనే తెచ్చుకుందాం."

తనిఖీల దగ్గర ఆయన పక్కన కూర్చుని ఉంటే నన్ను ఎవరూ ఏమీ అడగలేదు. రెండు నెలల తర్వాత బహ్రెయిన్‌లో మా ఆరుగురు పిల్లలు, మేకల కంపు కొట్టే బనీన్లు వేసుకుని నాలుగు మ్యాచ్‌లు ఆడారు. నాలుగూ ఓడిపోయారు. కాలేజీ సభ్యత్వం మిగిలింది. సంతోషంతో ఆ రోజు నేను అన్నం కూడా సరిగా తినలేకపోయాను.

తిరిగొచ్చాక ముదీర్ నన్ను పిలిచి ఒక అరబ్బీ కాగితం ముందు పెట్టాడు. ఎప్పటిలాగే వేలు పెట్టి చూపించాడు. నేను పెన్ను తీసి, మళ్లీ కింద పెట్టాను.

"చదివి చెప్పండి," అన్నాను.

ఆయన నా వంక ఒకసారి చూసి, కళ్లజోడు పెట్టుకుని ఒక్కో ముక్కా చదివి చెప్పాడు. వాలీబాల్ విభాగాన్ని మళ్లీ తెరిచారని, సామాన్లన్నీ నాకు అప్పగించారని, ఇఖామా పొడిగిస్తున్నారని అందులో ఉంది.

"ఇంకోసారి చదవండి," అన్నాను.

ఆయన ఇంకోసారి చదివాడు. అప్పుడు పెట్టాను సంతకం.