టేపు చివర సోమయాజులు గారి అభిప్రాయం

1997 జూన్‌లో రాజమండ్రిలోని ఒక అంధుల శ్రవణ గ్రంథాలయంలో సాంకేతిక సహాయకుడిగా చేరాను. చేరిన రోజున అక్కడ ఉన్న సామగ్రి: గోడలకు కొబ్బరిపీచు చాపలు కొట్టిన రికార్డింగ్ గది, ఒక స్పూలు టేపు యంత్రం, ఒకేసారి మూడు క్యాసెట్లు కాపీ తీసే డూప్లికేటర్, ఆరు ఇనుప బీరువాలు. ఉన్న మనుషులు: గౌరవ కార్యదర్శి, లైబ్రేరియన్, తపాలా కట్టలు కట్టే అటెండరు, సాయంత్రాలు వచ్చి పుస్తకాలు చదివిపెట్టే నలుగురు బ్యాంకు ఉద్యోగులు. శ్రోతలు రెండు గోదావరి జిల్లాల్లోనూ ఉండేవారు. వారి ముఖాలు మాకు తెలియవు. గొంతులు తెలుసు.

గొంతులు ఎలా తెలుసో చెప్పాలంటే క్యాసెట్ సంగతి కొంత చెప్పాలి. చదివిన పుస్తకం మొదట స్పూలు టేపు మీదికి ఎక్కుతుంది. దాన్ని మాస్టర్ అంటాం. అది బీరువా దాటి బయటికి వెళ్ళదు. దాని నుంచి క్యాసెట్లకు కాపీలు తీసి శ్రోతలకు పంపుతాం. క్యాసెట్ వెనుక అంచున రెండు వైపులా రెండు చిన్న ప్లాస్టిక్ ముక్కలు ఉంటాయి. ముక్క విరిస్తే ఆ వైపు మళ్ళీ రికార్డు చెయ్యడం కుదరదు. పాటల క్యాసెట్లు విరిచే అమ్ముతారు. మేమూ విరిచేవాళ్ళం, ఒక్కటి తప్ప. ప్రతి పుస్తకానికీ చివరి క్యాసెట్ రెండో వైపు ముక్కను అలాగే ఉంచేవాళ్ళం. పుస్తకం అయిపోయాక అక్కడ కొంత టేపు ఖాళీగా మిగులుతుంది. మేం అరువిచ్చే మైకున్న ప్లేయరుతో ఆ ఖాళీలో శ్రోత తన అభిప్రాయం చెప్పి పంపవచ్చు. తరువాతి శ్రోత పుస్తకంతో పాటు ఆ అభిప్రాయం కూడా వింటాడు. నేను చేరేనాటికే ఈ పద్ధతి ఉంది, వారానికి అయిదారు అభిప్రాయాలైనా వచ్చేవి. శ్రోతలకు ఇది ఎంతగా నచ్చిందంటే, కొందరు పుస్తకం పేరు కాకుండా ఫలానా వారి అభిప్రాయం ఉన్న టేపు పంపమని అడిగేవారు.

కథలూ నవలలూ మా దగ్గర తక్కువ కదిలేవి. వాటిని ఇంట్లో ఎవరో ఒకరు తమకోసం చదువుకుంటూ పైకి చదివి పెడతారు. ఆరోగ్యం, వ్యక్తిత్వ వికాసం, అంతరిక్షం, దేశాల చరిత్ర, తేనెటీగల పెంపకం లాంటివి చదివిపెట్టే ఓపిక ఎవరికీ ఉండదు. అందుకని అవే ఎక్కువ అడిగేవారు. వాటి మీద ఎక్కువ మాట్లాడినవారు రామచంద్రపురం సోమయాజులు గారు. పౌరోహిత్యం చేసుకుంటూ ఉండగా నీటికాసుల జబ్బుతో యాభై ఏళ్లకు చూపు పోయింది. మంత్రం చెప్పిన గొంతు కావడంతో చౌక మైకులోంచి కూడా అక్షరం అక్షరం విడిగా వినిపించేది.

ఒక వ్యక్తిత్వ వికాసం పుస్తకం చివర ఆయన అన్నది నాకు ఇప్పటికీ గుర్తుంది. "తెల్లారకట్ట లేస్తే జీవితంలో పైకొస్తారని ఇందులో పదహారు సార్లు చెప్పారండి. మా పాలేరు నలభై ఏళ్లుగా లేస్తున్నాడు. ఇప్పటిదాకా గట్టు మీదికి తప్ప ఎక్కడికీ రాలేదండి." అంతరిక్షం పుస్తకం బాగుందన్నారు గాని, చదివిన అమ్మాయి నక్షత్రాల దూరం దగ్గర సున్నాలు చదవలేక ఆయాసపడిందనీ, ఆవిడకి మధ్యలో మంచినీళ్ళు ఇప్పించవలసిందనీ చెప్పారు. తేనెటీగల పుస్తకం రాసినాయనను ఒక్క ఈగ కూడా కుట్టి ఉండదని ఆయన అనుమానం.

అలాంటి మనిషి ఒకే ఒక్క పుస్తకాన్ని వంక పెట్టకుండా మెచ్చుకున్నారు. అది మందుల వాడకం తగ్గించి, ఆహారంతో జబ్బులను అదుపులో పెట్టుకోవడం గురించి ఒక డాక్టరు రాసిన పుస్తకం. నేను చేరడానికి ముందే రికార్డు అయింది. మూడు కాపీలు తిరుగుతుండేవి. రెండో కాపీ సోమయాజులు గారి దగ్గర నుంచి తిరిగి వచ్చాక యానాం అవతల గోదావరి పాయ ఒడ్డున ఉన్న ఒక పల్లెకు వెళ్ళింది. అక్కడి శ్రోత పేరు సింహాచలం. చేపల వ్యాపారం చేసేవాడు. షుగరు ముదిరి చూపు పోయి, రోజూ రెండు పూటలా ఇన్సులిన్ సూది మీద ఉన్నాడు. సూది వేసేది భార్య నూకాలమ్మ.

1998 ఆగస్టులో నూకాలమ్మ ఒక్కతే బస్సెక్కి గ్రంథాలయానికి వచ్చింది. మా ప్లేయరునూ క్యాసెట్లనూ తువ్వాలులో చుట్టి తెచ్చి బల్ల మీద పెట్టింది. మనిషి పోయాడని చెప్పింది. సూది మానేసి వారం తిరగకుండానే ఆయాసం వచ్చి, ఆసుపత్రికి తీసుకెళ్ళేలోపు దారిలోనే పోయాడు.

ఆమె వచ్చింది వస్తువులు అప్పగించడానికి మాత్రమే కాదు. మరిది అప్పారావు, సూదులు వెయ్యడానికి విసుగెత్తి ఆమే మానేసిందని పల్లె అంతా చెబుతున్నాడు. ఇల్లు ఖాళీ చేసి పుట్టింటికి పొమ్మంటున్నాడు. భర్తే వద్దన్నాడని, ఈ టేపు విని వద్దన్నాడని ఆమె కులపెద్దలకు చెప్పింది. టేపు పెట్టి వినిపించింది కూడా. ఆ గొంతు ఎవరిదో ఏం తెలుసు, బజార్లో ఎవరిచేతనైనా మాట్లాడించి పట్టించవచ్చు అన్నాడు అప్పారావు. ఆ మాట అన్న మనిషిని చూపిస్తే నమ్ముతామన్నారు పెద్దలు. పెద్దకర్మ లోపు తేలాలన్నారు.

"ఆ పంతులు గారెవరో చెప్పండి బాబూ," అంది. "కాళ్లయినా పట్టుకుని తీసుకెళ్తాను. లేపోతే నన్ను మొగుడ్ని చంపినదానంటారండి."

టేపు పెట్టాను. పన్నెండో అధ్యాయం కాకరకాయ గురించి. అది పూర్తయ్యాక కొద్దిసేపు ఏమీ లేదు. తరువాత సోమయాజులు గారి గొంతు. ఇన్నాళ్లకు తప్పు పట్టడానికి వీల్లేని పుస్తకం దొరికిందన్నారు. "ఇందులో చెప్పినట్టు తింటే మందుతో పనేముందండి. నేను బీపీ బిళ్ళలు గోదాట్లో పారేశాను. నిక్షేపంగా ఉన్నాను. నమ్మకం లేనివాళ్ళు వచ్చి నాడి చూసుకోవచ్చు." ఆ తరువాత టేపు చివరిదాకా ఖాళీ.

సూది తీసుకుని వెళ్తే భర్త ప్రతిసారీ ఆ చివరి ముక్క మళ్ళీ పెట్టి వినిపించేవాడట. "పంతులు గారే పారేశారే, నీకెందుకే భయం అనేవోడండి," అంది నూకాలమ్మ.

అచ్చు పుస్తకం బీరువాలోంచి తీశాను. అందులో పదమూడు అధ్యాయాలు ఉన్నాయి. పదమూడోది రెండే పేజీలు, పేరు 'జాగ్రత్తలు'. మాస్టర్ వేసి చూశాను. పన్నెండో అధ్యాయం తరువాత దాదాపు ముప్పావు నిమిషం నిశ్శబ్దం, ఆ పైన పదమూడో అధ్యాయం చక్కగా ఉన్నాయి. చదువుతుండగా కరెంటు పోతే మరో రోజు మిగతాది చదివిన చోట్ల అలాంటి ఖాళీలు పడేవి. అధ్యాయానికీ అధ్యాయానికీ మధ్య మామూలుగా మేం ఉంచేది అయిదారు సెకన్లు. పుస్తకం ముగిసిందని చెప్పే వాక్యం అప్పట్లో మాకు లేదు. పొడుగాటి నిశ్శబ్దం వస్తే పుస్తకం అయిపోయినట్టే, ఇక మాట్లాడవచ్చు అని శ్రోతలందరికీ అలవాటు. సోమయాజులు గారు ఆ అలవాటు ప్రకారమే రికార్డు మీట నొక్కారు. ఆయన అభిప్రాయం పదమూడో అధ్యాయం మీద పడింది. అది రెండు పేజీలే కాబట్టి, ఆయన ధారాళంగా మాట్లాడే మనిషి కాబట్టి, మొత్తం చెరిగిపోయింది.

తిరిగి వచ్చిన క్యాసెట్లను మేం తనిఖీ చేసే పద్ధతి ఇది: టేపు చిక్కు పడిందా, తెగిందా, బూజు పట్టిందా. మొత్తం వినాలన్న నియమం లేదు. వినడానికి మనుషులూ లేరు; చివరి అభిప్రాయాలు కూడా తీరిక ఉన్నప్పుడు విన్నవే.

కార్యదర్శి గారు నీటిపారుదల శాఖలో ఇంజనీరుగా చేసి రిటైరైనవారు. అంతా విని, శ్రోతల చిరునామాలు బయటికి ఇవ్వకూడదన్నది మన నిబంధన అన్నారు. నిబంధన ఉన్న మాట నిజమే. కావాలంటే నువ్వు వెళ్ళి సోమయాజులు గారికి విషయం చెప్పు, రావడం రాకపోవడం ఆయన ఇష్టం, బలవంతం చెయ్యకు అన్నారు. నూకాలమ్మను పల్లెకు పంపించి, మాస్టర్ నుంచి చివరి క్యాసెట్‌కు కొత్త కాపీ తీసుకుని మర్నాడు పొద్దున బయలుదేరాను.

రామచంద్రపురంలో ఆయన అరుగు మీద కూర్చుని ఉన్నారు. ఆయన మాట టేపులో విని సూది మానేసిన సింహాచలం పోయాడనీ, అతని భార్య మీద పడిన నింద ఏమిటో చెప్పాను. చొక్కా వేసుకుని వస్తానని లోపలికి వెళ్ళారు. అంతకు మించి అక్కడ ఏమీ అడగలేదు.

యానాం బస్సులో రద్దీగా ఉంది. అక్కడ తాగే మందు చవక కాబట్టి ఆ బస్సు ఎప్పుడూ అంతే. ఎవరో ఆయనకు లేచి సీటిచ్చి, "పంతులు గారూ, తమరు కూడానా" అన్నాడు. "నాకు చూపు లేదు నాయనా, ఏ సీసా ఇచ్చినా తీర్థమే అనుకుంటాను," అన్నారు. చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. ద్రాక్షారామం దగ్గర కొందరు దిగి కాస్త ఖాళీ అయ్యాక నన్ను అడిగారు.

"ప్రసాదూ, సూది మానమని పుస్తకంలో ఎక్కడా లేదు కదా. మానొద్దని కూడా లేదు. నేను శ్రద్ధగానే విన్నాను."

ఉందని చెప్పాను. ఎక్కడుందో, అది ఆయనకు ఎందుకు వినిపించలేదో, దాని మీద ఇప్పుడు ఏముందో వరుసగా చెప్పాను. యానాంలో దిగేటప్పుడు, ఆ సంగతి అక్కడ వాళ్ళకు తెలుసా అని అడిగారు. కార్యదర్శి గారికీ నాకూ తప్ప ఎవరికీ తెలియదన్నాను.

పంచాయతీ తుఫాను షెల్టరు వరండాలో కూర్చుంది. పెద్దలు ముగ్గురు. నూకాలమ్మ స్తంభం పక్కన నిలబడింది. అప్పారావు మెట్ల మీద కూర్చున్నాడు. అందరిలోకీ వయసు మళ్ళిన పెద్ద, టేపులో అన్న మాట మళ్ళీ ఒకసారి అనమని సోమయాజులు గారిని మర్యాదగానే అడిగాడు. ఆయన అన్నారు. "ఇందులో చెప్పినట్టు తింటే మందుతో పనేముందండి." మాట పూర్తికాకముందే వెనకాల ఆడవాళ్ళలోంచి, ఆ గొంతే, ఆ గొంతే అన్నారు. సింహాచలం వాళ్ళందరికీ ఆ టేపు వినిపించి ఉన్నాడు.

నూకాలమ్మకు కావలసింది అంతటితో తీరింది. సోమయాజులు గారు అక్కడితో ఆగి ఉంటే ఎవరూ ఇంకేమీ అడిగేవారు కాదు.

"ఇంకోటి ఉందండి," అన్నారు. "సూది మానొద్దని ఆ పుస్తకంలో రాసుంది. పుస్తకం అయిపోయిందనుకుని దాని మీద నేను మాట్లాడాను. అది చెరిగిపోయింది. సింహాచలానికి వినపడాల్సింది ఆ మాట. వినపడింది నాది."

అప్పారావు లేచాడు. "అయితే మా అన్నని చంపింది మీరేనన్నమాట పంతులు గారూ."

అప్పారావును కూర్చోమన్నాడు ఆ పెద్ద. ఇన్నాళ్లూ ఒదిన చంపిందన్నావు, ఇప్పుడు పంతులు గారంటున్నావు, రేపు సూది చేసిన కంపెనీ అంటావా అన్నాడు. నూకాలమ్మ తప్పు లేదని, ఇల్లు ఆమెదేనని, పెద్దకర్మ ఆమె చేతుల మీదుగానే జరగాలని చెప్పి పెద్దలు లేచారు. అప్పారావు చెప్పులు వేసుకుని వెళ్ళిపోయాడు.

నూకాలమ్మ సోమయాజులు గారిని దాటుకుని నా దగ్గరికి వచ్చి, ఆ చెరిగిపోయిన మాట ఎక్కడైనా ఉంటే వినిపించమంది. నా సంచిలో ప్లేయరూ కొత్త కాపీ ఉన్నాయి. వరండా గట్టు మీద పెట్టి పదమూడో అధ్యాయం వేశాను. బ్యాంకులో పనిచేసే ఆవిడ గొంతు, ఏ తొందరా లేకుండా, ఇన్సులిన్ సూది మీద ఉన్నవారు డాక్టరు చెప్పనిదే ఒక్క పూట కూడా మానకూడదని, మానితే ప్రాణాపాయమని చదివింది. మనిషి వద్దన్నా ఇంట్లోవారు ఊరుకోకూడదని కూడా అందులో ఉంది.

"ఇది విని ఉంటే మీద కూచుని పొడిచేదాన్నండి," అంది నూకాలమ్మ. మళ్ళీ పెట్టమంది. పెట్టాను. సోమయాజులు గారు రెండుసార్లూ విన్నారు.

తిరుగు బస్సు దిగాక రామచంద్రపురంలో సోమయాజులు గారు మందుల షాపు దగ్గర వదిలెయ్యమన్నారు. బీపీ బిళ్ళలు కొనుక్కున్నారు. మరుసటి వారం ఆయన దగ్గరున్న ప్లేయరూ క్యాసెట్లూ తపాలాలో వచ్చాయి. చుట్టూ పాత పంచె ముక్క చుట్టి జాగ్రత్తగా పంపారు. టేపు చివర ఈసారి ఒక్క మాట కూడా లేదు. మళ్ళీ పుస్తకం కావాలని ఆయన అడగలేదు.

ఆ నెలలోనే పద్ధతులు మార్చాం. బీరువాల్లో ఉన్న ప్రతి క్యాసెట్‌కూ రెండు ముక్కలూ విరిచాం. చివరి క్యాసెట్లన్నీ మాస్టర్లతో సరిచూశాం. ఇంకో మూడు పుస్తకాల్లో చివరి పేజీలు ఇలాగే చెరిగి ఉన్నాయి. వాటి వల్ల ఎవరికైనా ఏమైనా జరిగిందో లేదో తెలుసుకునే దారి లేదు. జాగ్రత్తలు చెప్పే అధ్యాయం ఏ పుస్తకంలో ఎక్కడ ఉన్నా మొదటి క్యాసెట్ మొదట్లోనే ఒకసారి చదివించాం. ప్రతి పుస్తకం చివరా 'పుస్తకం ఇక్కడ ముగిసింది' అన్న వాక్యం చేర్చాం. అభిప్రాయాల కోసం ప్రతి కట్టలోనూ ఒక విడి ఖాళీ క్యాసెట్ పెట్టాం.

ఆ తరువాత ఇరవై ఏడేళ్లు ధ్వని రంగంలోనే పనిచేసి రిటైరయ్యాను. ఈ సంఘటన నాకు నేర్పినవి రెండు. అచ్చులో రచయిత మాట వేరు, పక్కన పెన్సిలుతో రాసిన పాఠకుడి మాట వేరు అని చూడగానే తెలుస్తుంది. టేపులో తెలియదు, రెండూ ఒకే పెట్టెలోంచి వచ్చే గొంతులు. రెండోది, నిశ్శబ్దానికి మనం ఒక అర్థం పెట్టాక పొరపాటున వచ్చిన నిశ్శబ్దానికి కూడా అదే అర్థం ఉంటుంది. ఆ రోజుల తరువాత నేను చేసిన ఏ రికార్డింగులోనూ ముగింపు మాటతో చెప్పకుండా వదల్లేదు.

విడి క్యాసెట్లు పంపడం మొదలుపెట్టాక మొదటి సంవత్సరంలో శ్రోతల నుంచి వచ్చిన అభిప్రాయాలు మూడే.