దొరోళ్ల ఎర్రబండి కింద

నేను చెప్పేదాంట్ల ఒక్క ముక్క కల్పించినా, ఈ చేతులకు మళ్ల పానా పట్టే సత్తువ రావద్దు. నాకు తెల్సిన ఒట్లల్ల గదే పెద్దది. నలభై ఏండ్లు గీ చేతులే తిండి పెట్టినయి. అక్షరాలు నేను యాభై దాటినంక రాత్రిబడిల నేర్చిన. గందుకే నా రాత మోటుగ ఉంటది. ముచ్చట మాత్రం నిజం. నమ్మితె నమ్ముండ్రి, లేకుంటె లేదు.

నా పేరు సాయిలు. సిద్దిపేటల మెదక్ రోడ్డు మీద నాకొక షెడ్డు ఉండె. జీపులు, ట్రాక్టర్లు, అంబాసిడర్లు బాగుచేస్తుంటి. ఎనభైలల్ల ముచ్చట. గప్పుడే పెండ్లి బరాతులకు టాపు లేని కార్ల పిచ్చి మొదలైంది. పెండ్లిపిలగాడు గుర్రం ఎక్కుడు బందయింది. కారుల నిలబడి అందరికి దండం పెట్టాలె. అసొంటి కారు పట్నం నుంచి కిరాయికి రావాలె. మన దిక్కు ఒక్కటి లేదు.

మా బామ్మర్ది నర్సింలు. అంటే మా ఆమెకు సొంత తమ్ముడు. పని నా దగ్గర్నే నేర్చిండు. నడుమ రెండు మూడేండ్లు నా మీద అలిగి కరీంనగర్ రోడ్డు మీద ఇంకో షెడ్డుల చేసిండు. మళ్ల నా దగ్గరికే వచ్చిండు. ఏడో తరగతి దాక చదివిండు. నాకు ఏ కాయిదం వచ్చినా చదివి చెప్పేది వాడే. వాడు చదివిందే నాకు రాసి ఉన్నట్టు.

ఒకనాడు ఉరుక్కుంట వచ్చిండు.

"బావా, మన దశ తిరిగింది."

"ఏమైందిరా?"

"చిన్నకోడూరు దిక్కు దొరోళ్ల పెద్ద బంగ్లల, గడిల, ఇంగ్లండు బండి ఉన్నది. రేసు బండి. ఇద్దరే కూసునేది. గుడ్డ టాపు, ఎన్కకు మడిస్తే పోతది. పెద్దదొర వయసుల ఉన్నప్పుడు ఓడ మీద తెప్పిచ్చుకున్నడట. దొరోళ్లంత పట్నం పోయిన్రు. చౌకల అమ్మేస్తరట."

"నడుస్తదా?"

"నువ్వు చెయ్యి పెడితె నడవని బండి ఉన్నదా బావా?"

వానికి నా గుట్టు తెల్సు. గా మాట అంటె నేను పొంగిపోత.

చౌక అన్నరు గని, నా దగ్గర గంత యాడిది? షెడ్డు జాగ అమ్మాలె. పక్క దుకానపాయన ఎప్పటికెళ్లో అడుగుతుండు. రేపు పొద్దుగాల వరకు అవును కాదు చెప్పుమన్నడు. మా ఆమె నెత్తి కొట్టుకున్నది.

"ఉన్న జాగ అమ్మి నిలబడ్డ బండి కొంటవా? తాగినవా ఏంది?"

"బేరం తెచ్చింది నీ తమ్ముడే."

"నర్సింలా..." అన్నది. ఇగ నోరు మూసింది. తమ్ముడంటె ఆమెకు పానం.

గా రోజు మాపటీలి గడికి పోయినం. బస్సుల నర్సింలు బండి కాయిదాలు చదివి చెప్పిండు. బండి ఫలానా దొర పేరు మీద ఉన్నది, టాక్సు కట్టిండ్రు, అంత సాఫ్. ఒక కాయిదం మాత్రం చదవకుంట మడిచి అంగి జేబుల పెట్టుకున్నడు.

"గదేందిరా?"

"పాత రసీదు బావా. పనికిరానిది."

నేను మళ్ల అడగలే. ఎందుకడుగుత?

గడిల మనుషులు లేరు. హుస్సేన్ చాచా అని దొర దగ్గర ఎన్కట డ్రైవరు చేసిన ముసలాయన, ఆయనొక్కడు కావలి ఉన్నడు. కొట్టం తలుపు తీసిండు. బండి చూసిన.

అబద్ధమెందుకు... మనసు పోయింది. ఎరుపు రంగు మాసి ఇటుక రంగయింది. ముంగట రెండు లైట్లు కండ్ల లెక్క. పొడుగు బానెట్టు. సీట్ల మీద వేలు మందం దుమ్ము, పావురాల రెట్టలు. అయినా గా బండి కూసున్న తీరు చూస్తె, ఇప్పుడే ఉరుకుతదా అన్నట్టు ఉన్నది. డ్రైవరు దిక్కు తలుపు గొళ్లెం పాడైంది. ఇనుప తీగ చుట్టి కట్టిన్రు.

టైర్లల్ల గాలి లేదు. నేను, నర్సింలు కలిసి జాకీతోని లేపినం. ఇరుసుల కింద మొద్దులు పెట్టినం. గంతల్నే మగ్రిబ్ అజాన్ వినవడ్డది. హుస్సేన్ చాచా నమాజుకు పోయిండు. నర్సింలు "చాయ్ తాగొస్త బావా, నీకు గిలాసల తెస్త" అని పోయిండు.

నేను గోనెసంచి పరుసుకొని బండి కిందికి దూరిన. చలికాలం. పొద్దు జల్ది గూకింది. కొట్టంల ఒక్కటే కరెంటు బుగ్గ. జరసేపటికి గది కూడ పోయింది. కరెంటు... గా రోజులల్ల మామూలే. చేతుల టార్చి ఉన్నది. పని ఆపలే.

పానాతోని చాసీ మీద కొట్టుకుంట పోయిన. మంచి ఇనుము టంగ్... మంటది. టంగ్... టంగ్... ముందుకు వచ్చిన. టప్.

ఆగిన. మళ్ల కొట్టిన. టప్.

టార్చి పెట్టి గీకి చూసిన. వెల్డింగు. రంగు పూసి దాచిన్రు. గిది తుప్పుకు ఏసిన అతుకు కాదు. ఇరిగిన చాసీని అతికిచ్చిన్రు. గంత మందం ఇనుము ఇరగాలంటె బండి దేనికో మస్తు జోరుగ గుద్దాలె. నాకెవరూ చెప్పలే.

గప్పుడు...

బండి కిందికి దిగింది.

పడుడు కాదు. దిగుడు. చక్రాల కాడి కమాన్ పట్టీలు కిర్ర్... మన్నయి. మనిషి సీట్ల కూసుంటె ఎట్ల దిగుతదో గట్ల. నా మొఖానికి జానెడు దూరంల ఉన్న ఇనుము ఇంకింత దగ్గరికి వచ్చింది. కుడి దిక్కు టార్చి కొట్టిన. కాళ్లు లేవు. చెప్పుల చప్పుడు వినలే. తలుపు చప్పుడు వినలే.

"నర్సింలూ..." అన్న.

పానాతోని నేల మీద కొట్టిన.

"ఎవర్రా? నేను కింద ఉన్న."

నా కండ్ల ముంగటనే బ్రేకు రాడ్డు ఉన్నది. పైన పెడలు తొక్కితె కింద గా రాడ్డు ముందుకు పోతది. వదిలితె స్ప్రింగు ఎన్కకు గుంజుతది. తుప్పు పట్టి ఉన్నది. ఏండ్లసంది కదిలినట్టు లేదు.

కదిలింది.

టక్... ముందుకు పోయింది. ఎన్కకు వచ్చింది. తుప్పు రాలి నా కండ్లల్ల పడ్డది. మళ్ల... టక్. మళ్ల, ఇంక జల్ది... టక్. టక్.

నాలుగుసార్లు. నేను లెక్కపెట్టిన... లెక్కపెడుతున్నట్టు నాకే తెల్వదు.

డ్రైవర్లకు తెలుస్తది గిది ఏం తొక్కుడో. బండి ఆపెటోడు గిట్ల తొక్కడు. బ్రేకు పట్టనోడు తొక్కుతడు గిట్ల. తొక్కి, పట్టక, మళ్ల తొక్కి...

అయిదోసారి రాడ్డు పోయి... ఎన్కకు రాలే.

అట్లనే నిలబడ్డది. పైన ఎవరో ఉన్న బరువంత కాలు మీద పెట్టినట్టు. స్ప్రింగు సాగి సన్నగ వణుకుతుంది. టార్చి వెలుతురుల అది వణుకుడు నేను చూస్తున్న. శ్వాస తీసుకుంట లేను. ఎంతసేపో... చెప్పలేను. ఒక బీడీ కాలేంతసేపు కావచ్చు, నాలుగు గడియలు కావచ్చు. నా మట్టుకు నాకు రెండూ ఒకటే.

మెల్లగ... మస్తు మెల్లగ... రాడ్డు ఎన్కకు వచ్చింది. కమాన్లు కిర్రుమన్నయి. బండి పైకి లేసింది.

నేను ఎట్ల బయటవడ్డనో తెల్వదు. మోచేతులు గీరుకపోయినయి. లేసి డ్రైవరు సీట్ల టార్చి కొట్టిన. దుమ్ము దుమ్ము లెక్కనే ఉన్నది. సీటు నడుమ ఒక పావురం ఈక ఉన్నది... కదలకుంట. తలుపుకు తీగ చుట్టింది చుట్టినట్టే.

అవతలి తలుపు చూడలే. గది ఒప్పుకుంట. చూడాలె కద? చూడలే. కాళ్లు వాటంతట అవే బయటికి నడిచినయి.

హుస్సేన్ చాచా కందీలు దీపం పట్టుకొని ఎదురొచ్చిండు. నా తీరు చూసి చెయ్యి పట్టుకున్నడు.

"ఏమైంది తమ్మీ? పాము గిట్ల కనవడ్డదా?"

నేను కింద చూసింది చెప్పలే. చెప్తె నవ్వుతడనుకున్న.

"చాచా, గీ బండి చాసీ ఎన్నడిరిగింది?"

ముసలాయన కందీలు కింద పెట్టిండు. "మాలూం లేదా? పంచనామా కాయిదం మీ బామ్మర్దికి నేనే ఇచ్చిన కద. పెద్దదొర కొడుకు, చిన్నదొర, రోడ్డు మీది మోరీ గోడకు గుద్దిండు. ఆడ్నే పానం పోయింది."

"ఎట్ల గుద్దిండు?"

"బ్రేకు పట్టలే."

"ఒక్కడే ఉన్నడా?"

"మేం ఉరికేసరికి ఒక్కడే ఉన్నడు."

అడగొద్దనుకుంటనే అడిగిన. "బ్రేకులు ఎవరు కట్టిన్రు చాచా?"

ఆయన నా దిక్కు చూడలే. "గప్పుడు మీ నర్సింలు కరీంనగర్ రోడ్డు షెడ్డుల ఉండె. గుద్దుడుకు మూడొద్దుల ముంగట ఆయనే కట్టిండు. నీకు తెల్సనుకున్న తమ్మీ... ఇంటి మనిషి కద."

ఇంటి మనిషి.

నర్సింలు చాయ్ గిలాస పట్టుకొని వచ్చిండు. చాయ్ సల్లారింది. నేను ముట్టలే. "నడువు" అన్న. బస్సు కోసం మెయిన్ రోడ్డు దాక నడవాలె. చీకటి. మా ఇద్దరి చెప్పుల చప్పుడు తప్ప ఏం లేదు.

"పంచనామా కాయిదం తియ్యి."

ఆగిండు. "ఎవరు చెప్పిన్రు?"

"నువ్వు చెప్పలే. గదొక్కటి తెల్సు."

జేబుల చెయ్యి పెట్టిండు గని కాయిదం తియ్యలే. "బావా... గా బండికి బ్రేకు నూనెను ఆపే కప్పు రబ్బర్లు మన దేశంలనే దొరకవు. చిన్నదొర ఆగడు. రేపే కావాలె అంటడు. జీపు కప్పులను బ్లేడుతోని చెక్కి ఎక్కిచ్చిన." నా దిక్కు తిరిగి అన్నడు, "గా పని నాకు ఎవరు నేర్పిన్రు?"

చెంప మీద కొట్టినట్టయింది. నేర్పింది నేనే. ఊర్లల్ల మెల్లగ తిరిగే ముసలి జీపులకు నేర్పిన. ఉరికే బండికి చెయ్యొద్దురా అని చెప్పిన్నా... లేదా... యాదికి లేదు. ఎంత గుంజుకున్నా యాదికి వస్తలేదు.

"మరి నాకెందుకు అంటగడుతున్నవురా?"

"పరాయోడు కొంటె చక్రాలు ఇప్పుతడు. చెక్కిన కప్పులు చూస్తడు. దొరోళ్లకు చెప్తడు. నువ్వయితె... చూసినా కడుపుల పెట్టుకుంటవనుకున్న."

"నా జాగ పోతది. రేపొద్దున్న ఎవని కొడుకో పెండ్లిబట్టలతోని గా బండిల కూసుంటడు. గది అనుకోలేదా?"

నేను రెండు చేతులతోని వాని అంగి పట్టుకున్న. కొట్టేటోన్నే. మా ఆమె మొఖం కనవడ్డది. వదిలేసిన.

నడిచినం. మోరీ వచ్చింది. అదే మోరీ అని ఎవరు చెప్పకున్నా తెల్సింది. నర్సింలు దాని దిక్కు చూడకుంట నడుస్తుండు. గప్పుడన్న.

"ఇందాక నేను కింద ఉన్నప్పుడు, పైన ఎవరో బ్రేకు తొక్కిన్రు."

గంతే అన్న. ఎన్నిసార్లో చెప్పలే. ఎట్లనో చెప్పలే. ఒట్టేసి చెప్తున్న, ఒక్క ముక్క ఎక్కువ అనలే.

నర్సింలు నిలబడ్డడు. చీకట్ల మొఖం కనవడలే. గొంతు మాత్రం... పిలగాడప్పటి గొంతు.

"ఆఖరికి... తొక్కిపట్టిండా బావా?"

బస్సు వచ్చింది. వాడు ముంగట ఎక్కిండు. నేను ఎన్క ఎక్కిన.

జాగ అమ్మలే. బండి కొనలే. మా ఆమెకు "ఇంజను ఖరాబున్నది" అని చెప్పిన. ఇయ్యాల్టికీ ఆమెకు తెల్సింది గంతే. గా బండిని తర్వాత ఎవరో లారీల ఏసుకపోయిన్రట. ఏడికో తెల్వదు.

ఎన్ని రాత్రులు మనసుల తిప్పుకున్ననో, వాడు "తొక్కిపట్టిండా" అన్న మాటను. నేను చెప్పకుంటనే వానికెట్ల తెల్సు? గా రాత్రి అవతలి తలుపుకెళ్లి నర్సింలే వచ్చి కూసున్నడా? బండిని నోటితోని నాకు అంటగట్టి, కాలుతోని బ్రేకు తొక్కి కొనొద్దన్నడా? అట్లయితె డ్రైవరు సీటు మీద దుమ్మెందుకు చెదరలే? లేకుంటె, చిన్నదొర పోయిననాడు పక్క సీట్ల వాడున్నడా? చిన్నదొర కాలు ఆఖరికి ఎట్ల తొక్కిపట్టిందో కండ్లార చూసి, దుంకి, మోరీ కాడ మనిషిని ఇడిచిపెట్టి ఉరికిండా? అట్లయితె గా రాత్రి నా మీద కూసున్నదెవరు?

వాడు ఇప్పటికీ ఇంటికి వస్తడు. అక్క చేతి బువ్వ తింటడు. "బావా, మంచిగున్నవా?" అంటడు. "ఉన్న" అంట. అడగాలంటె ఒక్క మాట. నోటి దాక వస్తది, ఆగిపోతది.

జవాబుకు భయపడి కాదు. వాడు ఏం చెప్పినా... నేను నమ్మను కద.