బ్యాకప్‌లో బతికున్న బాబాయి

నేను హుగ్లీ నది పారే ఊళ్లో, సాల్ట్ లేక్ పేటలో సర్వర్లు కాసే కొత్తలో మా తెలుగు సంఘం వెబ్‌సైట్ కూడా నా నెత్తినే పడింది. సభ్యుల పుట్టినరోజులకు అది దానంతటదే ఫోన్లకు శుభాకాంక్షలు పంపేది. ఒక వానకు సర్వర్ గది హుగ్లీకి ఉపనది అయిపోయింది. దాచిన నకళ్లలో చేతికందిన ఒకే ఒక్క బ్యాకప్ ఏడాది పాతది. దాన్నే ఎక్కించి, ఖండాలు జయించినవాడిలా మీసం దువ్వాను.

మర్నాడు గార్డెన్ రీచ్ నుంచి సూరమ్మ పిన్ని ఫోన్ చేసింది.

"ఏటి బాబూ, మీ బాబాయి పోయి ఆరు నెల్లయింది. ఇయ్యాల ఆయన్ని నూరేళ్లు బతకమని మెసేజొచ్చిందేటి?"

నా వెన్నులోకి హిమాలయం దిగింది.

"తప్పయింది పిన్నీ, పాత నకల్లోంచి ఆయన పేరు మళ్లీ వచ్చేసింది, ఇప్పుడే తీసేస్తాను."

పిన్ని వెంటనే అడ్డుపడింది.

"తియ్యకు బాబూ. ఉండనీ."

ఇప్పుడు మూడు చోట్ల బ్యాకప్‌లు దాస్తున్నాను. మూడింటిలోనూ బాబాయి బతికే ఉన్నాడు. ఆయన పుట్టినరోజున మాత్రం సర్వర్ గదిలోకి ఒంటరిగా వెళ్లను.