తెలుగు మేడం తిన్న షవర్మా

ఆ రోజుల్లో "కుదరదు" అనే మాట నా నోటికి వచ్చేది కాదు. డిగ్రీ అయిపోగానే నార్కట్‌పల్లిలో ఒక ప్రైవేటు బడిలో సైన్సు టీచరుగా చేరాను. ఆరు నుంచి పది దాకా ఐదు క్లాసులూ నావే. ఎవరైనా రాకపోతే వాళ్ల పీరియడూ నాదే. పొద్దున వ్యాను డ్యూటీ, సాయంత్రం గేటు డ్యూటీ సరేసరి. (ఒకసారి డ్రాయింగు సారు సెలవు పెడితే ఆయన పీరియడ్‌లో కప్ప పేగులు గీయించాను. ఆ పిల్లలు నన్నింకా క్షమించలేదు.) ఇంటికొచ్చేసరికి చెప్పులు విప్పే ఓపిక కూడా మిగిలేది కాదు. అలాంటిదాన్ని, ఉన్న ఒక్క ఆదివారం పూట కోడి లేని షవర్మా చేస్తానని ఎలా ఒప్పుకున్నానో ఇప్పుడు తలచుకుంటే నవ్వూ వస్తుంది, నీరసమూ వస్తుంది.

ఒప్పుకున్నది మా తెలుగు మేడంకు. ముప్పై ఏళ్లు పాఠాలు చెప్పి, ఆ ఏడాదితో మానేద్దామనుకుంటున్న మనిషి. వాళ్లింట్లో నీసు ముట్టరు. సాయంత్రం ఆమె నల్లగొండ బస్సు ఎక్కే చోటికి పదడుగుల దూరంలోనే మా అబ్బా నడిపే షవర్మా బండి ఉండేది. ఆమెను బస్సెక్కించి నేను బండి దగ్గరికి పోయేదాన్ని. ఒకరోజు బస్సు ఎంతకీ రాలేదు. మేడం ఎటో చూస్తూ, "ఒకటడుగుత, నవ్వొద్దు. మీ నాయిన చేసేది ఎట్లుంటదమ్మా? నాలుగేండ్ల సంది వాసన పీలుస్తున్న" అంది. క్లాసులో గ్రాంథికానికి గజం తగ్గని మేడం, అలసిపోయినప్పుడు మాత్రం మా అందరిలాగే మాట్లాడేది. "కోడి లేకుండ చేస్తే తింటరా మేడం?" అన్నాను. ఆమె చిన్నపిల్లలా తలూపింది. నేను ఇరుక్కుపోయాను.

అబ్బాకు చెబితే కత్తి కింద పెట్టి నన్ను ఎగాదిగా చూశాడు. "కోడి లేని షవర్మానా? దుల్హా లేని పెండ్లి బరాత్ అది. నా ఇజ్జత్ తియ్యకు బేటీ" అన్నాడు. అమ్మీ మాత్రం మారు మాట్లాడకుండా అటక మీద దాచిన కొత్త మూకుడు దింపింది. కొత్త కత్తి, కొత్త పీట కొనుక్కొచ్చింది. "ఆమె అడగలే గద అమ్మీ" అంటే, "అడగలే గాబట్టే" అంది.

ఆదివారం పొద్దున మొదలుపెట్టాను. మొదట మీల్ మేకర్ ఉడికించి, మసాలా పట్టించి వేయించాను. నమిలితే తడి చెప్పులతో బండల మీద నడిచినట్టు కిచకిచమంది. అరటికాయతో చేస్తే పుండుకు కట్టే పట్టీలా తయారైంది. చపాతీలో పెట్టి చుడితే వెనకనుంచి కారి మోచేతిదాకా వచ్చింది. వంటింట్లో నేలమీదే కూలబడి, మేడంకు జ్వరమని అబద్ధం చెబుదామా, నిజంగానే జ్వరం తెచ్చుకుందామా అని ఆలోచిస్తున్నాను. అప్పుడు అబ్బా నీళ్లు తాగడానికి వచ్చాడు. వారంలో ఏ రోజూ సెలవు లేని మనిషి, నడుం పట్టుకుని నడుస్తున్నాడు. నా మీల్ మేకర్ ముక్క ఒకటి నోట్లో వేసుకున్నాడు. చాలాసేపు నమిలాడు. ఆయన ముఖంలో కోపం లేదు, జాలి ఉంది. "జరుగు" అన్నాడు.

నానిన మీల్ మేకర్‌ను బట్ట పిండినట్టు పిండాడు. "నీళ్లుంటే నోట్ల కూస్తది బేటీ. ముందుగాల నీళ్లు తియ్యాలె." పెరుగు, కారం, జీలకర్ర పొడి, నిమ్మరసం పట్టించి గంట పక్కన పెట్టాడు. తర్వాత సన్నగా చీల్చి, అంచులు మాడేదాకా నూనెలో వేయించాడు. గుడ్డుతో చేసే తెల్ల సాసు పనికిరాదు కనుక పెరుగును బట్టలో వేలాడగట్టి, గట్టిపడ్డాక వెల్లుల్లి నూరి కలిపాడు. ("ఎల్లిగడ్డ తింటదా ఆమె?" అని మూడుసార్లు అడిగాడు.) నేను తిని చూశాను. కోడిలా ఏమీ లేదు. కానీ బాగుంది. "రేపు నేను జేస్త. నువ్వు వోయి పండుకో" అన్నాడు అబ్బా. బరాత్‌కు దుల్హా దొరికాడని అనబోయి, ఆయన నడుం చూసి ఊరుకున్నాను.

సోమవారం సాయంత్రం బండికి వచ్చేముందు ఆయన ఇంట్లోనే దాన్ని వేడివేడిగా చేసి, కొత్త డబ్బాలో పెట్టి తెచ్చాడు. మేడంకు రెండు చేతులతో అందించాడు. తీరా చూస్తే, చేతి అలవాటు కొద్దీ దాన్ని తన బండి కాగితంలోనే చుట్టాడు. ఎర్రని కోడిపుంజు బొమ్మ, కింద "చికెన్ షవర్మా" అని అక్షరాలు. మేడం కాగితం వంక చూడనే లేదు. పొద్దున తెచ్చుకున్న పెరుగన్నం డబ్బా మూత కూడా తీయకుండా దీనికోసం ఆకలి దాచుకుందట. కళ్లు మూసుకుని కొరికింది. ముక్కు మీద తెల్ల సాసు అంటింది. సరిగ్గా అప్పుడే తొమ్మిదో తరగతి పిల్లాడి తండ్రి బండి దగ్గర మోటారు సైకిలు ఆపాడు.

"మేడం... మీరు గూడ తింటున్నరా?"

అది మీల్ మేకరని చెప్పబోయాను. మేడం నా మణికట్టు గట్టిగా పట్టుకుంది. "తింటున్న. మంచిగున్నది. నువ్వు దినవా?" అంది. ఆయన షవర్మా కొనకుండానే వెళ్లిపోయాడు. "ఎందుకు చెప్పనియ్యలే మేడం?" అంటే, "ముప్పై ఏండ్ల సంది అందరికి అన్నింటికి అర్థాలు జెప్పిన. ఇయాల ఒక్కటి జెప్పబుద్ధయితలేదు" అని మిగిలిన ముక్క కూడా తినేసింది.

మర్నాడు ప్రార్థన అయ్యేసరికి బడంతా తెలిసిపోయింది. బడి ఊడ్చే ఆయమ్మ నన్ను పక్కకు లాగి, "కోడి లేదని జెప్పి మేడంకు కోడి వెట్టినవంట గద టీచర్?" అంది. నేను ఎవరి బిడ్డనో, మేడం ఎవరో ఊరందరికీ తెలుసు. తర్వాతి మాటలు ఎటు పోతాయో ఊహించడానికి పెద్ద చదువు అక్కర్లేదు. రెండో పీరియడ్‌లో ప్రిన్సిపల్ సారు పిలిచాడు. ల్యాబు రికార్డు అప్పజెప్పినట్టు మొత్తం చెప్పాను. "మీల్ మేకర్ సార్, నీళ్లు పిండాలె సార్, పెరుగు బట్టల గట్టాలె సార్..." ఆయన ఓపికగా విని, "మరి కాగితం మీద కోడెందుకున్నదమ్మా?" అన్నాడు.

అప్పుడే తెలుగు మేడం తలుపు నెట్టుకుని వచ్చింది. "తిన్నది నేను. అడిగేది పిల్లనా?"

"అదేం లేదు మేడం. అండ్ల ఏముండెనో మీరొక్క మాట చెప్తే సరిపోతది. పేరెంట్స్ ఫోన్లు చేస్తున్నరు."

"నేను చెప్ప."

ఆమె పంతం ఆమెకు బాగానే ఉంది, పోయేది నా ఉద్యోగం కదా అని లోపల ఉడికిపోయాను. కళ్లలో నీళ్లు తిరిగాయి. మేడం ఒకసారి నా వైపు చూసింది. చూసిన వెంటనే ఆమె భుజాలు కొంచెం కిందికి దిగాయి. కుర్చీ లాక్కుని కూర్చుని, మెల్లగా అంది: "మీల్ మేకర్ సారూ. నా కోసమని కొత్త మూకుడుల చేసిన్రు. గా పేరెంట్స్‌కు గూడ ఇదే చెప్పున్రి."

బయట వరండాలో నేను థాంక్స్ చెప్పబోతే చేత్తో వద్దంది. "ఉప్పు జర తక్కువైంది. మీ నాయినకు జెప్పు. ఇంకోసారి చేస్తడా?" అంది. చేస్తాడన్నాను. కానీ పదో తరగతి పరీక్షలు వచ్చాయి, తర్వాత మేడం మానేసింది, నేను అలసటతో ఈ ఆదివారం, వచ్చే ఆదివారం అనుకుంటూనే ఉండిపోయాను.

ఇప్పుడు నేనూ అబ్బాలాగే నడుం మీద చెయ్యి వేసుకుని మెట్లెక్కుతున్నాను. ఆ ఆఫీసు గది అప్పుడప్పుడు గుర్తొస్తుంది. నేను ఏడుపు ముఖం పెట్టకుండా ఇంకో నిమిషం నిలబడి ఉంటే, మేడం ఆ ఒక్క మాట చెప్పకుండానే బయటికి వచ్చేది. నా ఉద్యోగం పోయేదా? ఎక్కడికి పోతుంది! ఐదు క్లాసులు, వ్యాను, గేటు, కప్ప పేగులు... ఆ జీతానికి వాళ్లకు ఇంకెవరు దొరికేవారు. ఆ సంగతి నా భయానికి తెలియలేదు, అంతే.